పదకొండు కిరణాల బ్యాడ్జి

ఆ రోజు ఒక పూట సెలవు పెట్టి అత్తగారిని కళ్లడాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలని భూతద్దం గారి ప్లాను. "మూడేళ్ల కిందట మా తమ్ముడి పెళ్లికి ఒక పూట సెలవు పెట్టారు, మళ్లీ ఇవాళే. ఒంటిగంటకల్లా రాకపోయారో, ఇక ఆఫీసులోనే పక్క వేసుకోండి" అని భార్య గుమ్మం దాకా వచ్చి మరీ చెప్పింది.

ఎప్పుడూ చేతిలో భూతద్దం ఉండే ఆయన అసలు పేరు ఆఫీసులో ఎవరికీ గుర్తు లేదు. పుస్తకాలకూ పత్రికలకూ ఫొటోలు అమ్మే సంస్థ అది. పోలీసు బ్యాడ్జి ఫొటో వచ్చిందంటే బ్యాడ్జి అసలుదేనా, దాన్ని అచ్చువేసుకోవడానికి పోలీసువారి అనుమతి ఉందా అని తేల్చి, ముద్ర వేసి సంతకం పెట్టడం ఆయన పని. మనిషి ఉత్త అనుమానప్పక్షి. టీ ఇస్తే కప్పు అడుగు చూసి గాని తాగడు. ఆ ధోరణికి అప్పటికే రెండు పుస్తకాలు ఆలస్యమయ్యాయి. "పిల్లల పుస్తకం అట్ట నాలుగింటికి ప్రెస్సుకు వెళ్లాలి. మీ అనుమానంతో ఇది కూడా ఆగిందా, రేపట్నుంచి గోడౌన్లో కట్టలు కట్టుకోండి" అని మేనేజరు పొద్దున్నే ఖరాఖండిగా చెప్పేశాడు.

అట్ట మీది బ్యాడ్జికి చుట్టూ పన్నెండు కిరణాలు. పోలీసు శాఖవారి నమూనాతో లెక్క సరిపోయింది. అనుమతి పత్రం మీద ఇన్‌స్పెక్టరు సంతకం కూడా ఉంది. అదే ఆయనకు మింగుడు పడలేదు. ప్రతి అక్షరమూ చదవగలిగేలా సంతకం పెట్టే ఆఫీసరు ఎక్కడైనా ఉంటాడా? వెంటనే స్టేషనుకు ఫోన్ కలిపారు.

"హలో, మీ బ్యాడ్జి ఒకటి మా దగ్గరుందండీ. అసలుదేనని మీరొక్క మాట చెప్పేస్తే చాలు, ఎన్ని కాపీలు కావాలంటే అన్ని అమ్ముకుంటాం."

"అడ్రసు చెప్పండి సార్" అంది అవతలి గొంతు, చాలా మర్యాదగా. ఆ మర్యాద కూడా ఆయనకు తేడాగానే తోచింది.

అరగంటలో మఫ్టీలో ఇద్దరు దిగారు. పెద్దాయన బల్ల గుద్ది, "దొంగ బ్యాడ్జీలు ఎక్కడ తయారు చేస్తున్నావ్? పద స్టేషనుకు!" అన్నాడు.

"మీరు పోలీసులని నమ్మకమేంటి? ముందు బ్యాడ్జి చూపించండి."

"నన్నే అడుగుతావా? ఇన్‌స్పెక్టర్నయ్యా నేను!" అంటూ ఆయన బ్యాడ్జి తీసి ముఖం మీద పెట్టాడు.

భూతద్దం గారు దాన్ని అందుకుని, ఫొటో పక్కన పెట్టి, అద్దం కంటికి ఆనించి లెక్కపెట్టారు. మళ్లీ లెక్కపెట్టారు.

"కిరణాలు పదకొండే ఉన్నాయి. ఇది నకిలీ!"

అనేసి, చెంప పగులుతుందేమోనని కళ్లు గట్టిగా మూసుకున్నారు. ఏమీ జరగలేదు. కళ్లు తెరిచేసరికి ఇన్‌స్పెక్టరు ముఖంలో నెత్తురుచుక్క లేదు. "నువ్వెళ్లి జీపు దగ్గరుండు" అని కానిస్టేబుల్ని పంపించేసి, కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు.

"మెల్లిగా మాట్లాడండి బాబూ. అసలుది కిందటి నెల పారేసుకున్నాను. పైవాళ్లకు తెలిస్తే ఉద్యోగం ఊడుతుంది. నాటకాల డ్రెస్సులవాడి చేత ఇది చేయించుకున్నా. మీ పత్రం మీద సంతకం నాదే, ఆ ఫొటోలోదీ అసలు బ్యాడ్జే. ఇంతటితో వదిలెయ్యండి."

భూతద్దం గారి ఛాతీ ఉబ్బిపోయింది. "ఇరవై రెండేళ్ల సర్వీసండీ నాది! ఒక్క నకిలీ నన్ను దాటిపోలేదు. రిపోర్టు రాయాల్సిందే. ఇంతకీ వాడు దేన్ని చూసి చేశాడు?"

"అదే నాకూ అర్థం కావట్లేదు. అసలుదని ముద్ర ఉన్న ఫొటో చూసే చేశాడు" అంటూ ఇన్‌స్పెక్టరు ఫోన్‌లో ఆ ఫొటో చూపించాడు.

పదకొండు కిరణాలు. కింద ఈ సంస్థ ముద్రే. 'పరిశీలించాను, అసలైనదే.' దాని కింద భూతద్దం గారి సంతకం. పక్కన తేదీ, మూడేళ్ల కిందట ఆయన ఒక పూట సెలవు పెట్టి హడావిడిగా పరుగెత్తిన బావమరిది పెళ్లిరోజు.

ఇద్దరూ ఒకరి సంతకం ఒకరు చాలాసేపు చూసుకున్నారు.

"మీ జీపు ఎండలో ఉన్నట్టుందండీ" అన్నారు భూతద్దం గారు చివరికి.

"అవునవును, బయల్దేరతా" అని ఇన్‌స్పెక్టరు బ్యాడ్జి జేబులో వేసుకున్నాడు.

ఒంటిగంటకు పది నిమిషాల ముందే అట్ట మేనేజరు బల్ల మీదికి చేరింది. "సందేహాలేమైనా ఉన్నాయా?" అని ఆయన అడిగాడు.

"ఏమీ లేవండీ" అన్నారు భూతద్దం గారు, చేతిసంచీ భుజాన వేసుకుంటూ.

ఇరవై రెండేళ్లలో ఆయన నోట ఆ మాట రావడం అదే మొదటిసారి కావడంతో, మేనేజరుకు అనుమానం వచ్చి అట్ట ఆపేశాడు.