బఠానీల్లో కొలిచిన హాలిఫాక్స్

ఆ శనివారం ఉదయం ఎల్వుడ్ హిల్ట్జ్ పెట్టుకున్న పని చాలా చిన్నది. ఎనిమిదింటికి చర్చి హాలుకు వెళ్ళాలి, బల్ల మీద సీసాలు వరసగా పెట్టాలి, మధ్యాహ్నం భోజనాలయ్యాక లేచి నాలుగు మాటలు చెప్పి కమిటీ చేత ఒక బోర్డుకు సరేననిపించాలి. బోర్డు ముందే రాసేసి, దుప్పటి కప్పి తెచ్చాడు. "1917 డిసెంబరు 6. ప్రపంచంలోకెల్లా పెద్ద పేలుడు ఇక్కడే జరిగింది." అణుబాంబులను అతను లెక్కలోంచి తీసేశాడు. వాటితో పోటీ పడటం మర్యాదస్తులు చేసే పని కాదని అతని అభిప్రాయం.

మర్నాటికి కెనడాలోని ఈ హాలిఫాక్స్ రేవులో ఆ పేలుడు జరిగి డెబ్బై ఏళ్ళు. టన్ను మందుగుండుకు ఒక ఎండు బఠానీ చొప్పున ఎల్వుడ్ నెల్లాళ్ళు కూర్చుని లెక్కపెట్టాడు. జర్మనీలో పేలిన ఒప్పావ్ ఎరువుల ఫ్యాక్టరీ ఒక సీసా, అమెరికాలో పేలిన పోర్ట్ షికాగో రేవు ఒక సీసా. వాటి మధ్య రెండువేల తొమ్మిదివందల బఠానీలతో హాలిఫాక్స్ పెళ్ళికొడుకులా నిలబడింది.

ఈ పట్టుదల ఊరి గొప్ప కోసం కాదు. ఆ రోజు రేవులో మందుగుండు ఓడ తగలబడుతుంటే, అందులో ఏముందో తెలియక వీధి వీధంతా కిటికీల దగ్గర నిలబడి చూసింది. ఎల్వుడ్ తల్లి కూడా నిలబడింది, ఐదో నెల కడుపుతో. ఓడ పేలి, అద్దం పగిలి ఆమె రెండు కళ్ళూ పోయాయి. కొడుకు పుట్టాక ముఖమంతా తడిమి, "ముక్కు మాత్రం మీ నాన్నదేరా" అనేది. అతన్ని ఒక్కసారైనా చూడకుండానే పోయింది. అంత పోగొట్టుకున్నది రెండో స్థానం కోసమంటే ఎల్వుడ్ మనసు ఒప్పుకోదు.

ఎనిమిదింబావుకు వీబ్కే క్రోగర్ వచ్చింది. వీధి మొగన బేకరీ ఆమెదే. పుట్టింది జర్మనీ దగ్గర సముద్రంలో ఉన్న హెలిగోలాండ్ దీవిలో. ఆమె చంకలో ఒక సీసా ఉంది.

"ఎల్వుడ్, మాది మర్చిపోయారు. నలభై ఏడులో, యుద్ధంలో మిగిలిన మందుగుండంతా మా దీవిలో కుక్కి ఇంగ్లీషువాళ్ళు పేల్చలేదూ? మూడువేల రెండువందలు. కావాలంటే లెక్కపెట్టుకోండి."

"అది పేలుడెలా అవుతుంది? మనుషులందర్నీ ముందే పంపేసి, టైము చూసుకుని పేల్చారు!"

"మరి మీ బోర్డు మీద పెద్ద పేలుడు అనే కదా ఉంది? అనుకోకుండా పేలినది అని లేదే?"

"దుప్పటి ఎత్తి చూశావా?"

"చూశాను. కమిటీలో నేనూ ఉన్నాను. మధ్యాహ్నం లేచి ఇదే చెబుతాను."

ఆమె సీసా హాలిఫాక్స్ కంటే బొటనవేలంత ఎత్తుంది. ఎల్వుడ్ చాలాసేపు ఆ బొటనవేలంత తేడానే చూశాడు. నానబెట్టిన బఠానీ రెట్టింపవుతుందన్న సంగతి నలభై ఏళ్ళుగా భార్య వెర్నా వంటింట్లో చూస్తున్నవాడే. కెటిల్లోంచి వేడినీళ్ళు తన హాలిఫాక్స్ సీసా నిండా పోసి, ఒలక్కుండా మూత బిగించి, సామాన్ల గదిలో పైఅరలో, రేకు పళ్ళేల దొంతర వెనక దాచాడు. భోజనాల వేళకు నీళ్ళు ఒంపేసి బల్ల మీద పెడితే హెలిగోలాండ్ నోరు మూతపడుతుంది. లెక్క మాత్రం రెండువేల తొమ్మిదివందలే కదా, అబద్ధమేముంది అని తనకు తానే సర్దిచెప్పుకున్నాడు.

బఠానీలు ఆ మూతను లెక్కచేయలేదు. పన్నెండుకు ఇంకా ఇరవై ఐదు నిమిషాలుండగా సీసా పగిలింది, అర కూలింది, నూటయాభై రేకు పళ్ళేలు ఒక్కసారిగా నేల మీద పడ్డాయి. మూసిన తలుపు వెనకనుంచి ఢాం అని ఒక్క మోత వినిపించింది.

హాల్లో ఎవరూ ఉలిక్కిపడలేదు. కొండ మీది కోటలో రోజూ పన్నెండింటికి ఫిరంగి పేలుతుంది. ఆ మోత విని గడియారం సరిచేసుకోవడం ఈ ఊళ్ళో తాతల నాటి అలవాటు. నలభై మందీ చేతులెత్తి ముళ్ళు ముందుకు తిప్పుకున్నారు. పాస్టరు గారు కుర్చీ ఎక్కి గోడ గడియారాన్ని కూడా పన్నెండుకు జరిపారు.

"అన్ని గడియారాలూ ఒకేసారి ఎందుకు వెనకబడ్డాయండీ?" అని ఎవరో అడిగారు.

"చలికి," అన్నారు పాస్టరు గారు.

వంటగదిలోంచి వెర్నా గరిటె పట్టుకుని పరుగున వచ్చింది. "ఇంకా వడ్డించకండి! చేపల పులుసులో దుంపలు రాళ్ళలా ఉన్నాయి!"

"ఫిరంగి పేలిందమ్మా. పన్నెండయిందిగా," అన్నారాయన. ప్రార్థన అయింది, వడ్డన అయింది. అందరూ రాళ్ళను మర్యాదగా నములుతున్నారు. ఎల్వుడ్ మాత్రం నమలడం లేదు. తన సీసా ఏమైందో అతనికి అనుమానంగా ఉంది.

సరిగ్గా అప్పుడు, హాలు గడియారం పన్నెండూ ఇరవై ఐదు చూపిస్తుండగా, కొండ మీద అసలు ఫిరంగి పేలింది.

పన్నెండూ ఇరవై ఐదుకు ఈ ఊళ్ళో ఏదీ పేలకూడదు. ఎనభై ఒక్కేళ్ళ మ్యూరియల్ గానన్ చెంచా పడేసింది. ఓడ పేలిన రోజున ఆమెకు పదకొండేళ్ళు.

"కిటికీల దగ్గర్నుంచి తప్పుకోండి!" అని అరిచింది.

ఎవరూ ఎందుకని అడగలేదు. కీళ్ళనొప్పుల వాళ్ళు, మోకాళ్ళకు ఆపరేషన్ అయినవాళ్ళు, అందరూ మూడు క్షణాల్లో బల్లల కింద ఉన్నారు. పాస్టరు గారు దాక్కోవడానికి సామాన్ల గది తలుపు లాగారు. లోపల్నుంచి పళ్ళేలు, వాటి వెనక ఉబ్బిన బఠానీలు హాలంతా దొర్లుకుంటూ వచ్చాయి.

ఎల్వుడ్ దూరిన బల్ల కిందే వీబ్కే కూడా ఉంది. ఒక బఠానీ వచ్చి ఆమె మోకాలి దగ్గర ఆగింది. దాన్ని తీసి వేళ్ళతో నొక్కి చూసింది.

"ఇది హాలిఫాక్సేనా?"

"నీళ్ళు పోశాను," అన్నాడు ఎల్వుడ్ తల దించుకుని. "మా అమ్మ కోసం." తల్లి కళ్ళ సంగతి, పరిచయమైన ఈ పన్నెండేళ్ళలో వీబ్కేకు ఎప్పుడూ చెప్పలేదు. ఇప్పుడు చెప్పాడు.

"మా దీవిని పేల్చినప్పుడు నాకు పదిహేడేళ్ళు," అంది వీబ్కే. "దూరంగా రేవు ఒడ్డున నిలబడ్డాం. సముద్రంలోంచి పొగ లేచింది ఎల్వుడ్, లేస్తూనే ఉంది, ఆకాశం చాలదేమో అనిపించింది. మా నాన్న టోపీ తీసి పట్టుకున్నాడు. ఇక మనకు ఊరు లేదన్నాడు. పొగ తేలిపోయాక చూస్తే దీవి అక్కడే ఉంది. ఒక్క మనిషి పోలేదు. ఐదేళ్ళకు వెనక్కి వెళ్ళి ఇల్లు కట్టుకున్నాం." బఠానీని అతని చేతిలో పెట్టింది. "పెద్దది మీదే. నేను లేచి చెబుతాను."

ఎల్వుడ్ చుట్టూ చూశాడు. డెబ్బై ఏళ్ళు గడిచాయి. ఇన్ని బల్లల కింద ఇంతమంది ముసలివాళ్ళు ఇప్పటికీ చేతులతో కళ్ళు మూసుకునే ఉన్నారు. ఏ సీసాలో ఎన్ని బఠానీలు పోస్తే ఇది అందులో పడుతుంది?

"వద్దు వీబ్కే," అన్నాడు. "చిన్నదైతే బాగుండేది. మీదానంత పెద్దదై, మీలాగే అందర్నీ ముందే పంపేసి ఉంటే ఇంకా బాగుండేది. మా అమ్మ నన్ను చూసేది."

పాకుతూ వెళ్ళి, బోర్డు మీద తేదీ ఒక్కటే ఉంచి మిగతా అక్షరాలన్నీ కత్తితో గీకేశాడు. కమిటీ బల్లల కింది నుంచే చేతులెత్తి ఒప్పుకుంది.

సభ ప్రశాంతంగా జరిగిందని కార్యదర్శి పుస్తకంలో రాసుకున్నాడు.