తీసేసిన పెట్రోమాక్సు

పంతొమ్మిది వందల డెబ్బై మూడు వేసవి. రిటైరైన సైన్సు మాస్టారు బసవేశ్వరరావు ఆ ఉదయం ఇడ్లీ తింటూనే సాయంత్రపు ప్రదర్శనకు ప్రణాళిక పూర్తిచేశారు. తెనాలివాళ్లకు ఏది చెప్పినా నాటకంగా చెప్పాలి. కనుక, మనుషులు రాసిన ప్రోగ్రామును కంప్యూటరు భాషలోకి మార్చే కంపైలరు ఎలా పనిచేస్తుందో మనుషులతోనే ఆడించి చూపాలని ఆయన సంకల్పం. చూడటానికి రేపల్లె నుంచి ఒక బాలికల పాఠశాల హెడ్‌మిస్ట్రెస్ హైమావతి వస్తున్నారు. నచ్చితే ఆ బడి వార్షికోత్సవంలో వేదిక మాస్టారిది. నచ్చకపోతే, అరచేయి చూసి భవిష్యత్తు చెప్పే ఒక స్వామిది. ఆ ఊహకే మాస్టారు ఇడ్లీ పళ్లెం పక్కకు నెట్టేశారు.

"ఇంతకీ నేనేం చెయ్యాలి?" అన్నారు భార్య కోటేశ్వరమ్మ.

"నువ్వు కూడికవి. ఎదురింటి జకరయ్య నిన్ను పిలుస్తాడు, నువ్వు లెక్కకట్టి చెబుతావు. నేను కంపైలర్ని. ఎవరూ పిలవని భాగాన్ని పీకి పారేస్తాను. చోటు కలిసొస్తుంది."

"నన్ను రోజంతా పిలుస్తూనే ఉంటారుగా. పారెయ్యరులెండి."

సాయంత్రం హాలు కిటకిటలాడింది. మాస్టారు వేదికపై ఒక్కొక్కరినీ "నిన్నెవరు పిలుస్తారు?" అని విచారించి, ఎవరూ పిలవని ఇద్దరిని చప్పట్ల మధ్య కిందికి దింపేశారు. మొదటి వరుసలో హైమావతి ముందుకు వంగి చూస్తున్నారు. ఆ ఊపులో మాస్టారు తెర పక్కన స్టూలు మీద కూర్చున్న గులాం మొహిద్దీన్ వైపు తిరిగారు. పెట్రోమాక్సు దీపాలు అద్దెకిచ్చే ఆయనను, కరెంటు పోతే వెలిగించడానికని, మాస్టారే రప్పించుకున్నారు.

"మిమ్మల్నెవరు పిలుస్తారండీ?"

"ఈ నాటకంలోనా? ఎవరూ పిలవరండి. ఊరికే కూర్చున్నా."

"అయితే తీసేశాం. వెళ్లొచ్చు."

"నిజంగానేనా సార్?"

"కంపైలరు వేళాకోళాలాడదండీ."

మొహిద్దీన్ ఏమాత్రం నొచ్చుకోలేదు. చెంచుపేటలో పెళ్లి ఊరేగింపువాళ్లు మధ్యాహ్నం నుంచి దీపాలకోసం బతిమాలుతున్నారు. ఉన్న దీపాలన్నీ రిక్షాలో పెట్టించుకుని వెళ్లిపోయారు.

మాస్టారు విజయోత్సాహంతో ఆఖరి సూత్రానికి వచ్చారు. "ప్రోగ్రాములో ఎవరూ పిలవకపోయినా, ఆపద వచ్చినప్పుడు బయటినుంచి యంత్రమే పిలిచే భాగాలు కొన్ని ఉంటాయి. ఆ పిలుపు కంపైలరుకు కనిపించదు. అందుకే వాటిమీద 'తీయవద్దు' అని మనమే ముందుగా గుర్తు పెట్టాలి. ఉదాహరణకు..."

కరెంటు పోయింది.

"ఉదాహరణ చెప్పండి మాస్టారూ," అన్నారెవరో చీకట్లోంచి.

"ఉదాహరణ ఇందాకే వెళ్లిపోయిందండి," అంది కోటేశ్వరమ్మ గొంతు.

జకరయ్య మొహిద్దీన్ కోసం సైకిలెక్కి చెంచుపేటకు దూసుకెళ్లాడు. ఈలోగా వేదిక దిగబోయిన కూడిక మంచినీళ్ల బిందెను తన్నింది. ఆ నీళ్లు కాళ్లకు తగిలి, చీకట్లో అదేమిటో తెలియక, ముందువరుస మొత్తం బెంచీలెక్కింది. అంతలో గుమ్మం భగ్గున వెలిగింది. పెట్రోమాక్సులతో మొహిద్దీన్, ఆ వెలుగు వెనకే బ్యాండు మేళం, దాని వెనక పెళ్లికొడుకు, బంధువర్గం హాల్లోకి వచ్చేశారు.

"దీపాలెటు పోతే మేమూ అటే కదండీ," అన్నాడు పెళ్లికొడుకు తండ్రి దశరథరామయ్య. "ఊరంతా చీకటి. అవతల ముహూర్తం మించిపోతోంది, మా దీపాలు మాకిచ్చెయ్యండి."

"ముందు పిలిచింది నేను," అన్నారు మాస్టారు.

"ముందు తీసేసిందీ మీరేగా సార్," అన్నారు మొహిద్దీన్ వినయంగా.

తర్కం ముందు మాస్టారు ఏనాడూ మొండికెయ్యలేదు. "తీసుకెళ్లండి," అన్నారు. బ్యాండు, పెళ్లికొడుకు, వెలుగు వరుసగా బయటికి నడిచాయి. రేపల్లె వేదిక స్వామి పాలైందని తేల్చుకుని మాస్టారు చీకట్లో కూలబడ్డారు.

"మాస్టారూ," అని హైమావతి కంఠం వినిపించింది. "తీయకూడనిది తీసేస్తే ఏమవుతుందో ఇంత తేటగా ఎవరూ చూపించలేరండి. మా పిల్లలు చూసి తీరాలి. సాయిబుగారు, బ్యాండు, పెళ్లివారు, ఈ చీకటి... ఒక్కటి కూడా తగ్గకూడదు."

జీవితమంతా ముహూర్తాలను ఖండించిన బసవేశ్వరరావు మర్నాడు ఉదయమే కరెంటు ఆఫీసుకు వెళ్లి, రేపల్లెలో దీపాలు ఆరే శుభఘడియ ఎప్పుడని వాకబు చేశారు.