కొత్త బిందెకు పాత చిలుము

ఆ పొద్దున కంచరి చంద్రయ్య అనుకున్నది చాలా చిన్న పని. పోశన్న పెంటకుప్పలోంచి రాగిబిందెను తీసి, తుడిచి, పదిన్నర బస్సుకు నిజామాబాద్‌లో ఉమారాణి కొత్త హోటల్‌కు చేర్చాలి. స్టీలు సామాన్ల దెబ్బకు మూలపడ్డ అతని సుత్తికి నాలుగేళ్ల తర్వాత తగిలిన ఆర్డరు అది. బిందె నూరేళ్ల నాటిదిగా కనబడాలని ఆమె షరతు. అందుకే దానికి ఉప్పూ వెనిగరూ పట్టించి, గడ్డి చుట్టి, పదిహేను రోజుల కిందట పక్కింటివాడి కుప్పలో పాతిపెట్టాడు. కిటుకు బయటపడుతుందని పోశన్నకు కూడా చెప్పలేదు. అక్కడే కొంప మునిగింది.

అతను వెళ్లేసరికి కుప్పను పసుపుచేనుకు తోలడానికి ట్రాక్టరు నిలబడి ఉంది. పచ్చగా చిలుము పట్టిన బిందె పోశన్న చేతిలో ఉంది. చుట్టూ సగం ఊరుంది.

"లంకెబిందె దొరికింది!" అంటున్నాడు పోశన్న.

"గది నాది పోశన్నా!"

"నీదైతే అండ్ల బంగారమేది?"

"బంగారం ఎక్కడిది? ఉత్త బిందెనే పెట్టిన."

"ఉత్త బిందెను పెంటల ఎవడు దాస్తడు?"

జనానికి ఈ ప్రశ్న బాగా నచ్చింది. చంద్రయ్య కాజేసిన బంగారం అరగంటలో రెండు కిలోలైంది, గంటలో ఐదైంది. పదింటికి ఎస్సై దిగాడు.

"నేనే జేసిన సార్, మొన్న."

"మొన్న జేసినదానికి గింత చిలుమా? ఇది నిజాం కాలంది!" అంటూ ఎస్సై పంచనామాలో అలాగే రాయించాడు. పనితనం ఇంత బాగా కుదిరినందుకు చంద్రయ్యకు జీవితంలో మొదటిసారి ఏడుపొచ్చింది.

భయంలో అతనికి గుర్తురానిది భార్య గోదావరికి గుర్తొచ్చింది. చింతపండు ముద్దతో జనాన్ని తోసుకుంటూ వచ్చింది.

"అడుగున తోమి సూడుండ్రి సార్. ఈయన కాయిదాలు పోగొడ్తడని, ఆర్డరిచ్చినోళ్ల నంబరు బిందె మీదనే కొట్టిపిస్త."

తోమగా తోమగా, చుక్కలు చుక్కలుగా పదంకెల సెల్ నంబరు బయటపడింది. నిజాం కాలంలో సెల్‌ఫోన్లున్నాయని వాదించడానికి పోశన్నకు కూడా నోరు రాలేదు. ఎస్సై ఆ నంబరుకే ఫోన్ చేశాడు.

"నా బిందెనే సార్," అంది ఉమారాణి స్పీకర్లో. "పాతదాని లెక్కనే కనబడుతుందా?"

ఎస్సై పంచనామా కాగితాన్ని మెల్లగా మడిచి జేబులో పెట్టుకున్నాడు. "మస్తుగ కనబడుతుంది మేడం."

"అయితే ఇంకో నాలుగు జెయ్యమనుండ్రి!"

చంద్రయ్యకు పోయిన ప్రాణం లేచొచ్చింది. గోదావరి వైపు చూసి నవ్వేశాడు.

ఊళ్లో కొందరు మాత్రం నంబరును నమ్మలేదు. లంకెబిందెలన్నాక జంటగా ఉండాలి కదా! రెండోదాని కోసం పోశన్న కుప్పతో మొదలుపెట్టి ఊళ్లోని పెంటకుప్పలన్నిటికీ పారలు పట్టారు. "తవ్వితే తవ్వుండ్రి గని, తీసిన పెంట ట్రాక్టర్ల ఎయ్యుండ్రి," అన్నాడు పోశన్న.

సాయంత్రానికి చంద్రయ్య చేతిలో నాలుగు బిందెల ఆర్డరుంది, పాతడానికి ఊళ్లో పెంటకుప్పే లేదు.