బార్ రూములో కుర్చీలు ఖాళీ లేవు

ప్లీడరు వృత్తిలోకి కొత్తవాళ్లను రానివ్వకపోవడం కంటే దేశానికి చేయగల గొప్ప సేవ మరొకటి లేదని నేను ఘంటాపథంగా చెబుతున్నాను. కోప్పడకండి. నేనూ ప్లీడరునే, వాదన పూర్తిగా వినండి!

స్వరాజ్యం వచ్చి ఇరవయ్యేళ్లు దాటింది. వృత్తిలో అందరికీ సమాన అవకాశాలు ఉండాలని మా బార్ అసోసియేషన్ ప్రతి వార్షికోత్సవంలోనూ తీర్మానిస్తుంది. ప్రెసిడెంటు నరసింగరావుగారు ప్రతిపాదిస్తారు. ఆయన అల్లుడు బలపరుస్తాడు. మేనల్లుడు వందన సమర్పణ చేస్తాడు. మిగిలినవాళ్లం ఆయన దగ్గర జూనియర్లుగా పనిచేసినవాళ్లం కనుక చప్పట్లు కొడతాం. ఇంత ఐకమత్యం ఇంకే బార్‌లో ఉందో చూపించండి!

చిక్కల్లా కుర్చీలతోనే. మా బార్ రూములో కుర్చీ తండ్రి నుంచి కొడుక్కి వస్తుంది. గణపతిరావుగారు కాలం చేసి చాన్నాళ్లయింది, ఆయన కుర్చీలో ఎవరూ కూర్చోరు. అలాగని ఖాళీ అనుకునేరు! అది ఆయన మనవడిది. కుర్రాడు ప్రస్తుతం ఎనిమిదో క్లాసు రెండోసారి చదువుతున్నాడు. అంత తొందరేమిటి?

ఇలా చల్లగా రోజులు గడుస్తుండగా ఊడిపడింది జ్ఞానసుందరి! గజపతినగరంలో మిషన్ బడి మాస్టారు కృపానిధి కూతురు. వాల్తేరులో బి.ఎల్. ప్యాసై, నల్లకోటు కుట్టించుకుని మరీ వచ్చేసింది. ఎవరో ఒక సీనియరు చేర్చుకోవాలి కదా? ఇంట్లో ఆడవాళ్లు ఒప్పుకోరన్నారొకాయన. ఇంకొకాయన మడి అన్నారు, ఆఫీసు గది పక్కనే పూజగది మరి! ప్రెసిడెంటుగారు మాత్రం విశాల హృదయంతో, "వరండా అందరిదీనమ్మా, హాయిగా నిలబడు" అన్నారు. స్త్రీజనోద్ధరణ అంటే ఇంకేమిటండీ?

కక్షిదారులు కూడా పొద్దస్తమానం ఆ వరండాలోనే నిలబడతారన్న సంగతి మాకెవరికీ తట్టలేదు. పొలం గట్టు కేసులో నా పార్టీ అయిన అసిరమ్మ, ఓ రోజు వకాల్తా తీసి ఆ అమ్మాయికి ఇచ్చేసింది. ఇదేం పనని నిలదీశాను.

"ఏటి సెయ్యమంటారు బాబూ? ఆ పాప నా గోడు సివరికంటా ఇన్నాది. తమరు ‘ఊఁ’ అనీసి వాయిదా ఏయించీసీవోరు."

విన్నారా కృతఘ్నత! వాయిదా వేయించడంలో ఎంత విద్య ఉందో ఆ మనిషికేం తెలుసు? పైగా ఆ కేసు జ్ఞానసుందరి గెలిచేసింది కూడాను. ఇలా అందరూ వినేసి, గెలిచేస్తూ పోతే వృత్తి మర్యాద ఏం కావాలి?

ఇక్కడితో నా వాదన ముగించేవాణ్ణే. ఇంతలో మా అన్నయ్య కొబ్బరితోట మొత్తం తనదేనంటూ నా మీద దావా వేశాడు. ఆ తోట పోతే నాకు మిగిలేది ఈ గౌనొక్కటే. అన్నయ్య తరఫు ప్లీడరు ఎవరనుకున్నారు? సాక్షాత్తూ ప్రెసిడెంటుగారు!

నా తరఫున వాదించమని అల్లుణ్ణి అడిగాను. మావగారికి ఎదురు నిలబడమంటారా అని కళ్లెర్రజేశాడు. మేనల్లుడు చెవులు మూసుకున్నాడు. మిగతావాళ్లంతా గురుద్రోహం, గురుద్రోహం అంటూ లేచిపోయారు. మా ఐకమత్యం ఇంత గట్టిదని నాకు ఇన్నాళ్లూ తెలియదు సుమండీ!

నిన్న భోజనాల వేళ, బార్ రూములో అందరూ కునుకు తీస్తున్నప్పుడు, చడీచప్పుడు లేకుండా వరండాలోకి వెళ్లాను. సంగతి చెప్పబోతూ, అలవాటు కొద్దీ కూర్చోవడానికి అటూ ఇటూ చూశాను.

జ్ఞానసుందరి ఎంతో మర్యాదగా అంది: "నిలబడే చెప్పాలండి, ప్లీడరుగారూ. ఇక్కడ కుర్చీల్లేవు."

నిలబడే చెప్పాను. చివరికంటా వింది.