వంగని నడుం

శనివారం పొద్దున సెగావా వేసుకున్న పథకం చాలా చిన్నది. ఐదున్నరకు గొంటాను తీసుకుని మెట్లు దిగాలి, నది గట్టు మీద తిప్పాలి, ఎవరి కంటా పడకుండా ఆరున్నరకల్లా మూడో అంతస్తులోని ఇంటికి చేరిపోవాలి. గొంటా పదకొండు కిలోల శిబా కుక్క. వాడికి మనుషులంటే భయం, కానీ ఆ భయాన్ని లోపల దాచుకునే మర్యాద తెలీదు. మెట్ల మీద ఎవరు ఎదురైనా ఒకయామా ఊరంతా వినబడేలా మొరుగుతాడు.

ఇంటింటికీ తిరిగే నోటీసు అట్ట గురువారమే వచ్చింది. ఆదివారం పది గంటలకు నివాసుల సంఘం సమావేశం. మొదటి అంశం సైకిళ్ల షెడ్డు, రెండోది చెత్త వేసే రోజులు, మూడోది 302లోని కుక్కను పంపించెయ్యడం. కుక్కను కూడా సమావేశంలో హాజరుపరచాలని కింద ఎర్రగీత గీసి ఉంది. ఆ గీత గీసింది ఆరేళ్లుగా అధ్యక్షుడిగా పాతుకుపోయిన ఒకిమురా. సెగావా చూసినట్టు ముద్ర వేసి అట్టను పక్కింటికి అందించాడు, ఆ రాత్రి అన్నం ముట్టలేదు. ఆఫీసు నుంచి వచ్చేసరికి ఆయన కోసం గుమ్మం దగ్గర ఎదురుచూసే ప్రాణి గొంటా ఒక్కడే. వాణ్ణి పంపెయ్యాలన్న ఊహకే ఆయనకు ఏడుపొచ్చింది.

అందుకే కుక్కలకు శిక్షణ ఇచ్చే హతనో గారిని బతిమాలి ఆ శనివారం పొద్దునకే పిలిపించాడు. ముగ్గురూ మెట్లు దిగారో లేదో, రెండో అంతస్తు ఇనగాకి గారు చెత్త సంచితో ఎదురైంది. సెగావా నడుం దాకా వంగి నమస్కరించాడు. గొంటా మొరిగాడు. మొరిగినందుకు క్షమించమని సెగావా మళ్లీ వంగాడు. గొంటా ఇంకా గట్టిగా మొరిగాడు. ఆవిడ ప్రతినమస్కారాలు చేస్తూ, చేస్తూ, వెనక్కి నడిచి గోడ మలుపులో మాయమైంది.

హతనో చేతులు కట్టుకుని లెక్కపెడుతోంది. "ఏడుసార్లు వంగారు. ఏడుసార్లూ మొరిగాడు."

"అవునండీ. అందుకే కదా క్షమాపణలు..."

"మీరు తిరగేసి చెప్తున్నారు. వాడు మొరిగాడని మీరు వంగట్లేదు, మీరు వంగారని వాడు మొరుగుతున్నాడు. మనిషి కనబడగానే మీరు సగానికి మడిచేసినట్టు కూలిపోతుంటే, పాపం కుక్క ఏమనుకోవాలి? వచ్చినవాడెవడో మిమ్మల్ని కొట్టాడనుకుంటోంది."

"అయితే ఏం చెయ్యమంటారు?"

"నిటారుగా నిలబడండి. మనిషి కనబడగానే ఉడికించిన చిలగడదుంప ముక్క వాడి నోట్లో పెట్టండి. వంగారో, మొదటికొస్తుంది."

"పలకరింపుకైనా..."

"తల కూడా ఊపకూడదు."

సెగావా మొహం పాలిపోయింది. "ఇరవై ఆరేళ్లుగా మునిసిపల్ ఆఫీసు ఫిర్యాదుల విభాగంలో పనిచేస్తున్నానండీ. నేను ఫోన్లో కూడా వంగుతాను."

"మీ నడుముకి కొన్నాళ్లు సెలవివ్వండి," అంది హతనో.

పేపరు వేసే అతను వచ్చాడు. సెగావా పళ్లు బిగబట్టి గడకర్రలా నిలబడ్డాడు. గొంటా దుంప నమిలాడు తప్ప కిక్కురుమనలేదు. సెగావాకు ఆనందం పట్టలేదు. కానీ ఆ ఆనందంలోనే లిఫ్టు తలుపు తెరుచుకుని ఒకిమురా బయటికొచ్చాడు. అధ్యక్షుడి హోదాకు తగినట్టు కొలిచి కొలిచి, ఇంతే ఇంత వంగాడు. సెగావా ఆయన తల మీదుగా గోడను చూస్తూ నిలబడిపోయాడు. కుక్క నోరు మూసుకుంది. ఒకిమురా నోరు మాత్రం మధ్యాహ్నం దాకా మూతపడలేదు.

పన్నెండయ్యేసరికి పుకారు అంతస్తులెక్కింది: రెండో అంతస్తులో సెగావాకు ప్రమోషన్ వచ్చింది. నాలుగో అంతస్తులో వెన్నుపూస జారింది. ఐదో అంతస్తులో పెద్ద మనిషెవరో ఆయనకు బంధువని తేలింది. ఆరో అంతస్తులో ఉండే ఒకిమురా ఒక్కడే అసలు సంగతి కనిపెట్టాడు: వీడు నా కుర్చీకి ఎసరు పెడుతున్నాడు.

సాయంత్రం సెగావా భార్య మిత్సుయో కూరల సంచి దభీమని బల్ల మీద పెట్టింది. "ఏమండీ, ఒకిమురా గారి భార్య నన్ను నిలబెట్టి అడిగింది, మీ ఆయనకి ఎన్ని ఓట్లున్నాయని. నాకు చెప్పకుండా మీరేం చేస్తున్నారు?"

"శిక్షణ ఇస్తున్నాను."

"కుక్కకా, ఊరికా? రేపు మాత్రం బుద్ధిగా వంగండి. వంగితే పోయేదేముంది?"

"గొంటా పోతాడు."

మిత్సుయో కుక్క వంక చూసింది. తర్వాత లేచి ఇంకో రెండు దుంపలు ఉడకేసింది.

ఆదివారం హాల్లో నలభైమంది. ఒకరికొకరు వంగుకుంటూ కుర్చీల్లో సర్దుకునేసరికే పావుగంట పట్టింది. గొంటాకు ఆ నలభై నడుములతో పనిలేదు. వాడి కళ్లన్నీ ఒక్క నడుం మీదే, అది నిటారుగా ఉంది. మూడో అంశం రాగానే ఒకిమురా గొంతు సవరించుకున్నాడు.

"సెగావా గారూ, ముందు అందరికీ వంగి క్షమాపణ చెప్పండి. కుక్క సంగతి తర్వాత."

వంగితే గొంటా మొరుగుతాడు, వాడి కథ అక్కడితో సరి. వంగకపోతే అహంకారి కింద జమకట్టి ఇద్దరినీ గెంటేస్తారు. జరిగిందంతా వివరంగా చెప్పేద్దామనుకున్నాడు సెగావా. కానీ ఏ వివరణ అయినా 'క్షమించాలి' అనే మొదలుపెట్టాలి, ఆ మాట అంటే నడుం దానంతటదే వంగుతుంది. అప్పటికే అది ముందుకు జారుతోంది. వెనక వరసలోంచి మిత్సుయో ఆయన బెల్టు గుప్పిట పట్టి లాగింది.

"నేను వంగనండీ," అన్నాడు సెగావా.

ఒకిమురా ముందు ఆ మాట అన్నవాణ్ణి ఆ భవనంలో ఎవరూ చూసి ఎరగరు. ఇనగాకి గారు లేచి నిలబడింది. "చెత్త సంచి ముడి వదులైందని ఆరేళ్లుగా ఈ ఒకిమురా గారికి వంగుతూనే ఉన్నాను. ఇక నా వల్ల కాదు. సెగావా గారినే అధ్యక్షుడిగా పెట్టుకుందాం."

ఆరేళ్లపాటు నోరెత్తని ధీరులందరూ ఒక్కసారిగా చప్పట్లు కొట్టారు. అధ్యక్షగిరీ అంటే ఫిర్యాదుల మోత అని తెలుసు కాబట్టి పోటీకి ఎవరూ రాలేదు. నిమిషంలో ఎన్నిక అయిపోయింది.

చప్పట్లు కొట్టడానికి మిత్సుయో బెల్టు వదిలింది. కృతజ్ఞత పొంగుకొచ్చిన కొత్త అధ్యక్షుడు నేలను చూసేంతగా వంగాడు. గొంటా కిటికీ అద్దాలు అదిరేలా అందుకున్నాడు. నలభైమందీ కొత్త అధ్యక్షుడికి తిరిగి వంగారు. అన్ని నమస్కారాలకు బదులివ్వకపోతే బాగుండదని సెగావా మళ్లీ వంగాడు. అలా పదకొండు నిమిషాలు జరిగింది. చెవులు మూసుకుంటూ జనం చెదిరిపోయారు, మూడో అంశం ఓటింగు దాకా రానేలేదు.

ఆ సాయంత్రం కుక్క మీద పద్నాలుగు ఫిర్యాదులు వచ్చాయి. మొదటిది ఒకిమురాది, నాలుగు పేజీలు. నియమాల ప్రకారం ఫిర్యాదులన్నీ అధ్యక్షుడికే ఇవ్వాలి. సెగావా ప్రతిదాన్నీ రెండు చేతులా అందుకుని, ముద్ర వేసి, పరిశీలనలో ఉంచాడు.