పేచీ మానిపించిన రివిజన్

ఏడో తరగతి లెక్కల రివిజన్ షీటును మించిన దివ్యౌషధం మానవజాతికి ఇంతవరకూ దొరకలేదని నా గట్టి నమ్మకం. నవ్వకండి. పరీక్షల ముందు పిల్లల బ్యాగుల్లోంచి బయటపడే ఆ జిరాక్సు కాగితాలను చూసి తలలు పట్టుకునే తల్లిదండ్రులంటే నాకు జాలి. ఇంటికొచ్చిన భాగ్యాన్ని ఎవరైనా కాలదన్నుకుంటారా?

పూర్ణసంఖ్యల సంగతే చూడండి. మైనస్‌ని మైనస్‌తో గుణిస్తే ప్లస్ వస్తుందట! ఇది తెలియకే మా అమ్మాయికి లెక్కల్లో అంత తెలివి ఎక్కణ్ణుంచి వచ్చిందా అని మా చుట్టాలు ఇన్నేళ్ళూ బుర్రలు బద్దలు కొట్టుకున్నారు. లెక్కల్లో నేను మైనస్. మా ఆవిడ ఆస్పత్రి ల్యాబులో రోజంతా రక్తకణాలు లెక్కపెట్టి వస్తుందిగానీ, ఎక్స్ విలువ కనుక్కోమంటే ఆవిడా మైనస్సే. ఇంక అనుమానం దేనికి?

సమీకరణాలైతే సంసారికి మరీ అవసరం. ఈక్వల్ టు దాటి అవతలికి వెళ్ళగానే ప్లస్ కాస్తా మైనస్ అవుతుంది. ఇది అచ్చంగా మా బావమరిది కథ. హాల్లో నా పక్కన కూర్చున్నంతసేపూ "మీరన్నదే రైటు బావగారూ" అంటాడు. వంటగది గుమ్మం దాటి వాళ్ళక్క పక్కన చేరాడో, గుర్తు మారిపోతుంది. గోడమీద పిల్లి అని అతన్ని ఎన్నిసార్లు తిట్టుకున్నానో! పాపం, అతను చేసేది ఒట్టి లెక్క.

అసలు మేలు జరిగింది మాత్రం ప్రాబబిలిటీ దగ్గర.

మా అమ్మాయిని ఇంట్లో అందరం పేచీ అంటాం. బళ్ళో వేరే పేరుంది, దానితో మాకెప్పుడూ పనిపడలేదు. మాటలొచ్చిన దగ్గర్నుంచీ "ఎందుకు?" అని అడక్కుండా ఒక్క ముద్ద మింగిన పిల్ల కాదు. నేను ఈ కాలమ్ రాసి పత్రికకు పంపేముందు దానికి చదివి వినిపించడం అలవాటు. "ఇక్కడ అబద్ధం రాశావు నాన్నా" అని పట్టేసేది. అది జోకమ్మా అంటే, "నాకు నవ్వు రాలేదుగా" అనేది. ఎడిటరుకైనా నచ్చజెప్పగలను గానీ దానికి చెప్పలేక చచ్చేవాణ్ణి.

షీటులో ఓ లెక్క వచ్చింది. సంచీలో మూడు ఎర్ర బంతులు, ఐదు నీలం బంతులు ఉన్నాయి. చూడకుండా ఒకటి తీస్తే అది ఎర్రది కావడానికి ప్రాబబిలిటీ ఎంత? పేచీ 3/8 అని వేసింది. షీటు వెనక అచ్చేసిన కీలో 3/5 అని ఉంది.

ఊరుకుంటుందా? వాళ్ళమ్మ కుట్టుపెట్టె బోర్లించి మూడు ఎర్ర బొత్తాలు, ఐదు నీలం బొత్తాలు ఏరి పెన్సిళ్ళ సంచీలో పోసింది. కళ్ళు మూసుకుని తీయడం, చూసి మళ్ళీ లోపల వేయడం, కుదిపి మళ్ళీ తీయడం. సాయంత్రమంతా అదే పని. కీ చెప్పిందే నిజమైతే ఎర్రవి ఎక్కువ రావాలి. నీలం బొత్తాలే పోటెత్తాయి.

మర్నాడు నేను ట్యూషన్ నుంచి తీసుకురావడానికి వెళ్ళేసరికి, ఆ సంచీ పట్టుకుని మాస్టారి ముందు నిలబడి ఉంది.

"కీ తప్పు సార్. మొత్తం ఎనిమిది ఉంటే ఐదుతో ఎలా భాగిస్తారు? కావాలంటే మీరే తీసి చూడండి."

మాస్టారు మంచివాడు, కోప్పడలేదు. "పరీక్షలో సంచీ ఉండదమ్మా, కీ ఉంటుంది. ఈ లెక్కే వస్తుంది, దిద్దేవాళ్ళ చేతిలో ఈ కాగితమే ఉంటుంది. 3/5 అని రాసెయ్."

"అది తప్పని మీకు తెలుసా సార్?"

"తెలిస్తే ఏమైంది? నీకు మార్కు కావాలా వద్దా?"

పేచీ నావైపు తిరిగింది. "నువ్వు చెప్పు నాన్నా."

నేను బాధ్యత తెలిసిన తండ్రిని. మార్కు పోతే మంచి సెక్షను పోతుంది, సెక్షను పోతే ఇంకేం మిగులుతుంది? "సార్ చెప్పింది రాసెయ్ తల్లీ, పోయేదేముంది" అన్నాను. అది సంచీ జిప్పు లాగేసింది.

నూటికి నూరు వచ్చాయి! బొత్తాలు కుట్టుపెట్టెకు చేరాయి. ఆనాటి నుంచి మా ఇల్లు ఎంత ప్రశాంతంగా ఉందో చెప్పలేను. తినమంటే తింటుంది, పడుకోమంటే పడుకుంటుంది. నేనన్నదానికీ తలూపుతుంది, దాన్ని కాదన్న బావమరిదికీ తలూపుతుంది. పిల్ల ఎంత ఒద్దికగా తయారైందో అని చుట్టాలు మెచ్చుకుంటున్నారు.

దేశమంతా ఇలాంటి పిల్లలే ఉంటే ఎంత సుఖం! వంతెన కట్టే ఇంజనీరు పైవాడు చెప్పినన్ని స్తంభాలే వేస్తాడు. ల్యాబులో డాక్టరుగారు ముందే అనుకున్న అంకె రిపోర్టులో పడుతుంది. ఈ మాటంటే మా ఆవిడ, "మా దగ్గర అలా రాస్తే మనిషి పోతాడు" అంది. ఆవిడ చదువుకున్న రోజుల్లో రివిజన్ సరిగ్గా జరిగినట్టు లేదు.

నిన్న సాయంత్రం ఈ కాలమ్ ఇక్కడిదాకా రాసి పేచీకి చదివి వినిపించాను. కాగితంలో లేకపోయినా, మూడూ ఐదూ కలిపితే తొమ్మిది బొత్తాలని కావాలనే చదివి, అక్కడ ఆగి చూశాను. పెన్సిలు చెక్కుకుంటూ వింటూనే ఉంది. నాకు భయం వేసింది.

"ఎలా ఉందే?" అన్నాను.

పేచీ తలెత్తి నా మొహంలోకి చూసింది.

"ఏం చెప్పమంటావు నాన్నా? అదే చెబుతాను."