నాలుగు చేతుల చొక్కాలు

ఆ రోజు పొద్దున్న టైలర్ వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. స్నానం చేసి దేవుడికి దండం పెట్టుకోవాలి. హెడ్‌మిస్ట్రెస్ గారి కోటుకి గుండీలు కుట్టి, పదింటికి ఆవిడ వస్తే చేతికివ్వాలి. ఒంటిగంట బస్సుకి భార్య వస్తుంది కాబట్టి ఎదురెళ్లి సంచి అందుకోవాలి. మొదటి పని సవ్యంగానే జరిగింది. దండం పెట్టుకుని కళ్లు తెరిచేసరికి పెరట్లోంచి ఒక అరుపు వినిపించింది. అది మేక అరుపు కాదు, మేకపిల్ల అరుపు. ఆ వెంటనే ఇంకొకటి.

భార్య తన చెల్లెలి కాన్పుకని వెళ్లి పది రోజులైంది. వెళ్తూ వెళ్తూ ఆవిడ నిండు చూలుతో ఉన్న తన పాలమేకకి గడ్డం కింద గోకి, "నేనొచ్చేదాకా ఆగవే దొరసానీ" అని చెప్పింది. మొగుడికి కూడా ఒక మాట చెప్పింది.

"ఒకవేళ అది ఆగకపోతే మీరేం చెయ్యకండి. అన్నీ అదే చూసుకుంటుంది."

"ఏం చెయ్యకుండా ఎలా?"

"చేతులు కట్టుకుని."

ఇరవై ఎనిమిదేళ్లుగా కుట్టుపని చేస్తున్న మనిషికి అది కష్టమైన పని. దారాలు కత్తిరించకుండా, సుద్దగీతలు దులపకుండా, ఇస్త్రీ చెయ్యకుండా ఆయన ఏనాడూ ఎవరి వస్తువూ వాళ్ల చేతికివ్వలేదు. పెరట్లోకి వెళ్లి చూస్తే గడ్డి మీద రెండు పిల్లలున్నాయి. పెద్దది అప్పటికే లేచి, పడి, మళ్లీ లేస్తోంది. చిన్నది, ఒక చెవి తెల్లగా ఉన్నది, పడుకునే ఉంది. రెండూ జిగురుజిగురుగా, ఒంటినిండా గడ్డిపరకలు అంటుకుని, ఎంతమాత్రం డెలివరీ ఇవ్వడానికి వీల్లేని స్థితిలో ఉన్నాయి. దొరసాని పెద్దదాన్ని నాకడం మొదలుపెట్టింది గానీ, ఆ వేగానికి సాయంత్రమవుతుందని ఆయనకి అనిపించింది. రెండింటినీ చెరో చంకలో పెట్టుకుని వెళ్లి, గోరువెచ్చని నీళ్లతో, చందనం సబ్బుతో కడిగి, మెత్తటి తువ్వాలుతో తుడిచి, మిలమిలలాడేలా తెచ్చి తల్లి ముందు పెట్టాడు.

దొరసాని ముక్కు దగ్గరపెట్టి ఒక్కసారి పీల్చింది. తరవాత తలెత్తి ఆయన మొహంలోకి చూసింది. ఇది నా బట్ట కాదయ్యా అని తిరగ్గొట్టే మనుషుల చూపు అది. ఆయన బాగా ఎరుగును. పెద్దది పొదుగు వైపు రెండడుగులు వేసిందో లేదో, కొమ్ముతో ఒక్క తోపు తోసింది. చిన్నదాన్ని అసలు చూడనేలేదు.

పోనీ తనే పాలు పితికి తాగిద్దామని ఆయన చెంబు పట్టుకుని కూర్చున్నాడు. పాలు పితకడం ఆయనకి రాదు గానీ మనుషుల్ని నిలబెట్టడం వచ్చు. "కొంచెం తిన్నగా నిలబడమ్మా, ఊపిరి బిగపట్టకు" అన్నాడు. దొరసాని చెంబులో కాలు పెట్టి, చెంబుతో సహా నడుచుకుంటూ గోడ దగ్గరకి వెళ్లిపోయింది.

ఎనిమిదిన్నరకి భార్యకి ఫోన్ చేశాడు. బస్సు చప్పుడులోంచి ఆవిడ గొంతు వినిపించింది.

"రెండు పుట్టాయి" అన్నాడు టైలర్. "దొరసాని దగ్గరకి రానివ్వడం లేదు."

"మీరేం చేశారు వాటిని?"

ఆయన అబద్ధం ఆడే మనిషి కాదు. "కొంచెం స్నానం."

"సబ్బుతోనా?"

"చందనం సబ్బు. మంచిదే."

"దానికి పిల్లలు వాసనతోనే తెలుస్తాయండీ. ఇప్పుడు మీరు ఎవరి పిల్లల్నో తెచ్చి దాని ముందు పెట్టినట్టు."

"మళ్లీ కడగనా?"

"కడక్కండి. ముర్రుపాలు తాగాయా? పోనీ చిన్నదేనా తాగిందా?"

"లేదు."

"మధ్యాహ్నంలోపు రెండు గుక్కలు పడకపోతే చిన్నది నిలవదు. జాగ్రత్తగా వినండి. అత్తయ్యగారి చీర—"

ఫోన్ తెగిపోయింది. మళ్లీ చేస్తే కలవలేదు. మూడుసార్లు చేశాక ఆయన చెవి వేడెక్కింది గానీ భార్య గొంతు మాత్రం రాలేదు.

టైలర్ గడప మీద కూర్చున్నాడు. కడుపున పుట్టిన బిడ్డని ఒక సబ్బుబిళ్లతో పరాయిదాన్ని చెయ్యవచ్చా? అంత పెద్ద ప్రేమని దేవుడు అంత చిన్న ముక్కులో ఎందుకు పెట్టాడో ఆయనకి అర్థం కాలేదు. తప్పు పట్టడం కాదు, అడగాలనిపించింది, అంతే. అడిగినవెంటనే ఆయనకి జవాబు కూడా దొరికినట్టయింది. చిన్నప్పుడు జ్వరం వస్తే ఆయన అమ్మ చీర మొహాన కప్పుకునే పడుకునేవాడు. అమ్మ వాసన అంటే అమ్మ చీరే. భార్య చెప్పబోయింది అదే. ఎవరి అమ్మ అన్న ప్రశ్న ఆయనకి తట్టలేదు.

వాళ్లమ్మ, పెద్దావిడ, స్నానాలగదిలో ఉంది. ఆవిడ స్నానానికి గంట పడుతుంది. విడిచిన చీర వసారాలో తీగ మీద ఉంది. దాన్నిండా ఆవిడ నలభై ఏళ్లుగా రాసుకుంటున్న తలనొప్పి బామ్ వాసన. ముందు చీరని పిల్లలకి చుట్టి చూశాడు. జారిపోయింది. మళ్లీ చుట్టాడు. పెద్దది దాన్ని తొక్కుకుని బోర్లా పడింది. ఇంకొకరైతే పిన్నీసు పెట్టి ఊరుకునేవారు. ఆయన మెడలోంచి టేపు తీశాడు. ఛాతీ పన్నెండున్నర, నిడివి పది. చేతులు అన్నచోట కాసేపు ఆలోచించి, నాలుగు అని రాసుకున్నాడు. కొంగు చివర ఏదో ముడి ఉండి బట్ట నలిగిపోయి కనిపించింది. అంతవరకు కత్తిరించి పీలికల బుట్టలో పడేశాడు. ముప్పావుగంటలో రెండు చొక్కాలు తయారయ్యాయి. వీపున గుండీలు, వెనక తోకకి సందు, మెడ చుట్టూ పచ్చ అంచు. చిన్నదానికి పెరగడానికని లోపల ఒక మడత కూడా వదిలాడు.

పచ్చ అంచు చొక్కాలు వేసుకున్న రెండు ప్రాణులు, ఒకటి నడిచి, ఒకటి టైలర్ చేతుల్లో, తన వైపు రావడం చూసి దొరసాని ఒక అడుగు వెనక్కి వేసింది. చందనం మీద బామ్, బామ్ మీద పెద్దావిడ. అంత వాసన దాని ముక్కుకి ఎప్పుడూ తగల్లేదు. పలుపు తెంపుకుని వంటింట్లోంచి, నడవలోంచి వీధివైపు కుట్టుగదిలోకి పరుగెత్తి, బట్ట కత్తిరించే బల్ల ఎక్కింది. చొక్కా తొడుక్కున్న పెద్దది టకటకమంటూ వెంటపడింది. చిన్నదాన్ని ఎత్తుకుని టైలర్ వచ్చేసరికి, వీధి గుమ్మంలో హెడ్‌మిస్ట్రెస్ గారు నిలబడి ఉన్నారు. అప్పుడు సరిగ్గా పది.

"టైలర్ గారూ, మేక" అన్నారావిడ.

"అవును మేడమ్."

"నా కోటు మీద నిలబడింది."

"పక్కన నిలబడింది మేడమ్. కోటు నోట్లో ఉంది."

ఆవిడ కళ్లజోడు సవరించుకున్నారు. పదకొండింటికి స్కూల్లో తనిఖీ. ఆ తనిఖీ కోసమే ఆ కోటు. ఎడమచెయ్యి మోచేతిదాకా దొరసాని నోట్లోకి వెళ్లిపోయింది. మిగతాది కూడా వెళ్లడానికి సిద్ధంగా ఉంది.

"వీటికి చొక్కాలెందుకు?"

"మా అమ్మ చీర మేడమ్."

ఆ జవాబుతో ఆవిడ ప్రశ్న ఇంకా పెద్దదైంది. దాన్ని పక్కనపెట్టి, ఆయన చేతిలో ఉన్న చిన్నదాన్ని చూశారు. దాని తల వాలిపోయి ఉంది. ఆవిడ చేతిసంచి కింద పెట్టి, దాన్ని ఒళ్లోకి తీసుకుని నోట్లో వేలు పెట్టి చూశారు.

"నోరు చల్లబడిందండీ. మా నాన్నగారింట్లో మేకలుండేవి. నోరు చల్లబడితే ఇక ఎంతోసేపు ఉండదు. పాలు పట్టారా?"

"తల్లి ఒప్పుకోవడం లేదు మేడమ్. నేనే పాడుచేశాను. కడిగాను."

"కడిగారా?"

"ఇంటావిడ ఏం చెయ్యొద్దని చెప్పి వెళ్లింది. ఒంటిగంటకి వస్తుంది. ఆవిడకి ఏం చెప్పాలో తెలియడం లేదు" అన్నాడాయన. హెడ్‌మిస్ట్రెస్ గారు బల్ల పక్కన కుర్చీలో కూర్చుని, చిన్నదాన్ని పమిట కిందికి లాక్కుని వెచ్చగా పట్టుకున్నారు.

"కోటు సంగతి తరవాత చూద్దాం" అన్నారు.

ఇంతలో నడవలోంచి పెద్దావిడ గొంతు వచ్చింది. "ఒరేయ్, తీగ మీద నా చీరేదిరా?"

పెద్దావిడ తల తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చి ఆగిపోయింది. పెద్దపిల్ల బల్ల చుట్టూ ప్రదక్షిణం చేస్తోంది.

"నా చీర నడుస్తోందేమిట్రా?"

"నీ కోడలే చెప్పిందమ్మా."

"నా చీర కొయ్యమని చెప్పిందా? ఆ పిల్ల అలా అనదు. కొయ్యాలనిపిస్తే తనే కోస్తుంది, నీకు చెప్పదు. సరే, కొంగేది? నా బామ్ డబ్బా దాని ముడిలోనే ఉంది."

"కొంగు పీలికల బుట్టలో ఉందమ్మా."

ముగ్గురూ బుట్ట వైపు చూశారు. బుట్ట బల్ల మీద ఉంది. కోటు చెయ్యి మోచేతిదాకా పూర్తయ్యాక దొరసాని ఆ బుట్టలోనే తల పెట్టింది. లోపల ముడి పీకుతున్న చప్పుడు, తరవాత రేకుమూత ఊడిన చప్పుడు వినిపించాయి. తల బయటికి వచ్చేసరికి ముక్కు, మూతి, గడ్డం అన్నీ బామ్‌తో నిగనిగలాడుతున్నాయి. పెద్దావిడ ముందుకు ఉరికి డబ్బా లాక్కుంది.

దొరసాని తుమ్మింది. ఆగి మళ్లీ తుమ్మింది. ఏడో తుమ్ము తరవాత తలెత్తి గాలి పీల్చింది. గదిలో ఇప్పుడు చందనం లేదు, పరాయి వాసన లేదు. ఎటు తిరిగినా తన మూతి మీదున్న వాసనే. బల్ల దిగింది. పెద్దదాన్ని చూసింది: బామ్. హెడ్‌మిస్ట్రెస్ గారి ఒళ్లోది చూసింది: అదీ బామే. లోగొంతుతో ఒక చిన్న మూలుగు మూలిగి, తెల్లచెవిని నాకడం మొదలుపెట్టింది.

"కదలకండి" అన్నారు హెడ్‌మిస్ట్రెస్ గారు, స్కూలంతటికీ వినపడే గొంతుతో. కదలబోతున్నవాళ్లు ఎవరూ లేరు. ఆవిడ నేల మీదికి జారి, చిన్నదాన్ని పొదుగు దగ్గర పెట్టి, నోరు తెరిచి, చన్ను అందించి ఒక్కసారి నొక్కారు. ఏమీ కాలేదు. మళ్లీ నొక్కారు. టైలర్ కళ్లు మూసుకున్నాడు. పొద్దున్న అడిగిన ప్రశ్న వెనక్కి తీసుకుంటానని దేవుడికి చెప్పుకున్నాడు. కళ్లు తెరిచేసరికి, వెనక తను కుట్టిన సందులోంచి తోక బయటికి వచ్చి గిలగిలా ఊగుతోంది.

పెద్దది రెండో చన్ను అందుకుంది. పాలిస్తూనే దొరసాని మిగతా గది కూడా తనిఖీ చేసింది. పెద్దావిడ పాదం వాసన చూసి నాకింది. హెడ్‌మిస్ట్రెస్ గారి చెయ్యి నాకింది. చీర కోసి, కుట్టి, మోసిన టైలర్ చెవి అయితే రెండుసార్లు నాకింది.

"అమ్మా, నేను పుట్టినప్పుడు నన్నెలా గుర్తుపట్టావు?" అని అడిగాడు టైలర్.

"గుర్తుపట్టడానికేముంది? పక్కలో నువ్వొక్కడివే ఉన్నావు" అంది పెద్దావిడ, డబ్బాలో ఎంత మిగిలిందో చూసుకుంటూ.

పదిన్నరయింది. టైలర్ కోటు ఎడమచేతికి మిగిలినంతవరకు సరిచేసి, కుడిచేతిని దానికి సమానంగా కత్తిరించి, పావుగంటలో అంచులు మడిచి, గుండీలు కూడా కుట్టి ఇచ్చాడు. హెడ్‌మిస్ట్రెస్ గారు దాన్ని వేసుకుని, అద్దంలో ఒకసారి చూసుకుని, తనిఖీకి వెళ్లిపోయారు. గుమ్మందాకా దొరసాని సాగనంపింది.

ఒంటిగంట బస్సుకి ఎవరూ ఎదురెళ్లలేదు. భార్య సంచి తనే మోసుకుంటూ, చెప్పులు విప్పకుండా నేరుగా పెరట్లోకి వచ్చింది. చిన్నది తాగి తాగి కడుపు గుండ్రంగా చేసుకుని ఎండలో నిద్రపోతోంది. ఆవిడ దాని నోట్లో వేలు పెట్టి చూసింది; వెచ్చగా ఉంది.

"నా ఫోన్ ప్రాణం పోయిందండీ. చార్జింగు అయిపోయింది. మీకు వినబడిందో లేదోనని దారిపొడుగునా దేవుణ్ణి తలుచుకుంటూనే ఉన్నాను" అంది. "అత్తయ్యగారి చీర కొంగున బామ్ డబ్బా ఉంటుంది, కాస్త దాని ముక్కుకీ, పిల్లల ఒంటికీ రాయమన్నాను. రాశారన్నమాట."

టైలర్ అబద్ధం ఆడే మనిషి కాదు కాబట్టి కాసేపు ఆలోచించాడు.

"రాయడం అయింది" అన్నాడు.

"మరి ఈ చొక్కాలు?"

"ఆ సంగతి నేను చెప్తాలే. తిన్నాక చెప్తాను. నిలబడి చెప్పేంత చిన్నది కాదు" అంది పెద్దావిడ.

భార్య నవ్వి, "మా బంగారు దొరసాని" అంటూ రెండు చేతులూ చాచి మేక దగ్గరకి వెళ్లింది. దొరసాని ముక్కు దగ్గరపెట్టి పీల్చింది. పది రోజుల పసిబిడ్డ పౌడరు, ఐదు గంటల బస్సు. కొమ్ముతో ఒక్క తోపు తోసింది. ఆవిడ గడ్డిలో కూలబడింది.

"నన్నెవరనుకుంటోందిది?" అంది, నమ్మలేక.

టైలర్ ఆవిణ్ణి లేవదీస్తూ, "పొద్దున్న సబ్బుతో స్నానం చేశావా?" అని నెమ్మదిగా అడిగాడు.

భార్య చీరకంటిన గడ్డి దులుపుకుంది. తరవాత అత్తగారి వైపు చెయ్యి చాచింది. "అత్తయ్యగారూ, ఆ డబ్బా ఒకసారి ఇలా ఇవ్వండి."

చొక్కాలు విప్పితే దొరసాని మళ్లీ పేచీ పెట్టడంతో అవి ఉండిపోయాయి. పెద్దావిడ రెండో చీర కూడా వదులుకోవలసి వచ్చింది, ఉతికినప్పుడు మార్చడానికని. స్కూల్లోంచి ముగ్గురు టీచర్లు వచ్చి, హెడ్‌మిస్ట్రెస్ గారు తనిఖీనాడు వేసుకున్నట్టు మోచేతి చేతుల కోటే కావాలని కొలతలిచ్చి వెళ్లారు.

ఆ నెలంతా ఆ ఇంట్లో మనుషుల దగ్గరా, మేకల దగ్గరా ఒకే వాసన వచ్చింది; తలనొప్పి మాత్రం ఎవరికీ రాలేదు.